జాగ కాని జాగలో కోరాయిడ్ ప్లెక్సస్ గడ్డ: రిపోర్ట్ నమ్మొచ్చా, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హనుమకొండలో ఉండే మీ అక్కకు 38 ఏళ్లు. ఏడాదిగా ఎడమ చెవి వినికిడి తగ్గుతూ వచ్చింది, నడుస్తుంటే తూలుతోంది. ఎంఆర్ఐలో చిన్నమెదడు పక్కన, చెవి నరం దగ్గర 3 సెంటీమీటర్ల గడ్డ కనిపిస్తే ష్వానోమా (నరం తొడుగులో పుట్టే గడ్డ) అనుకుని తీశారు. బయాప్సీలో మాత్రం ‘కోరాయిడ్ ప్లెక్సస్ పాపిలోమా, గ్రేడ్ 1’ (మెల్లగా పెరిగే, క్యాన్సర్ కాని రకం) అని వచ్చింది. కోరాయిడ్ ప్లెక్సస్ ఉండేది మెదడు లోపలి నీటి గదుల్లో కదా, గడ్డ గది బయట ఎట్ల పుట్టింది, రిపోర్ట్ తప్పేమో, రేడియేషన్ ఇప్పించాలా అని మీ అనుమానం.

ముందే చెప్తున్నా. ఆ జాగలో ఈ గడ్డ రావడం అరుదు, కానీ వస్తుంది. జాగ మారిన గడ్డకు పేరు పెట్టేటప్పుడు మాత్రం మామూలుకంటే గట్టి రుజువు కావాలి. అది నిజంగా గ్రేడ్ 1 అని తేలి, మొత్తం వచ్చేసి ఉంటే రేడియేషన్ అవసరం లేదు, కీమో అవసరం లేదు. కాబట్టి ఇప్పుడు మీరు తేల్చుకోవలసినవి రెండు: పేరు ఖాయమా, గడ్డ పూర్తిగా పోయిందా.

కోరాయిడ్ ప్లెక్సస్ అంటే మెదడు నీటిని ఊరించే కుచ్చులాంటి పొర. పెద్దవాళ్లలో రోజుకు దాదాపు 500 మి.లీ. నీరు ఊరుతుంది, ఏ సమయంలో చూసినా లోపల ఉండేది 150 మి.లీ. దాకానే. అంటే రోజుకు మూడుసార్లకు పైగా పాత నీరు రక్తంలోకి ఇంకిపోయి కొత్తది నిండుతుంది. ఈ కుచ్చు ఉండేది రెండు పక్క గదుల్లో, మూడో గది కప్పులో, నాలుగో గది కప్పులో. గడ్డలూ ఎక్కువగా అక్కడే పుడతాయి: సుమారు సగం పక్క గదుల్లో, నూటికి నలభై దాకా నాలుగో గదిలో, ఐదు దాకా మూడో గదిలో. పసిపిల్లల్లో పక్క గది ఎక్కువ, పెద్దవాళ్లలో నాలుగో గది ఎక్కువ. మెదడు గడ్డలన్నీ కలిపి చూస్తే వీటి వాటా 0.3 నుంచి 0.6 శాతమే.

నాలుగో గదికి నీరు బయటికి పోయే దారులు మూడు. మధ్యలో ఒకటి, చెరో పక్కా ఒకటి. పక్క దారిని లుష్కా రంధ్రం అంటారు. అది తెరుచుకునేది సరిగ్గా మీ అక్కకు గడ్డ వచ్చిన మూలలోకే. డాక్టర్లు దాన్ని సిపి యాంగిల్ అంటారు. నాలుగో గదిలోని కుచ్చు గదిలోనే ఆగిపోదు. మామూలు మనుషుల్లోనూ దాని కొస ఆ రంధ్రం గుండా చిన్న గుత్తిలా బయటికి వచ్చి ఉంటుంది. పాతకాలపు అనాటమీ పండితులు దానికి ‘బొక్డాలెక్ పూలబుట్ట’ అని పేరు పెట్టారు. బతుకమ్మకు కోసుకొచ్చిన తంగేడు బుట్ట అంచు దాటి పొర్లినట్టు ఉంటుంది దాని ఆకారం. గడ్డ ఆ గుత్తిలోనే పుట్టొచ్చు, లేదా నాలుగో గదిలో పుట్టి ఆ దారిన బయటికి పెరగొచ్చు. మీరు గది బయట అనుకుంటున్న జాగ ఈ కుచ్చుకు సొంత వాకిలే.

మరి ష్వానోమా అని ఎందుకు అనుకున్నారు? ఆ మూలలో కనిపించే గడ్డల్లో పదింట ఏడెనిమిది అవే కాబట్టి. తర్వాత మెనింజియోమా (మెదడు కప్పే పొరల్లో పుట్టే గడ్డ), ఆ తర్వాత ఎపిడెర్మాయిడ్ (చర్మంలాంటి కణాలతో నిండిన తిత్తి). దీన్ని పొరపాటుగా చూడకండి, ఆపరేషన్‌కు ముందు ఎవరైనా మొదట అదే అనుకుంటారు. అయితే పాత ఎంఆర్ఐ సీడీని రేడియాలజిస్ట్‌తో మళ్లీ చూపించండి, కొన్ని గుర్తులు అప్పుడు అర్థమవుతాయి. ష్వానోమా చెవి నరం వెళ్లే ఎముక కాలువలోకి దూరి దాన్ని వెడల్పు చేస్తుంది. పాపిలోమా సాధారణంగా కాలువను ముట్టదు, కాస్త కిందికి, లుష్కా రంధ్రం వైపు ఉంటుంది. కాంట్రాస్ట్ (స్కాన్‌లో గడ్డ వెలగడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చాక గోబిపువ్వులా బొడిపెలు బొడిపెలుగా, బాగా తెల్లగా వెలుగుతుంది. లోపల నల్లటి చుక్కల్లా రక్తనాళాలు కనిపించొచ్చు. సిటీ స్కాన్‌లో పావువంతు మందికి సున్నపు మచ్చలు ఉంటాయి. మెనింజియోమాకు పొర మీద తోక ఉంటుంది, ఎపిడెర్మాయిడ్ కాంట్రాస్ట్‌కు వెలగదు, డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐ ఫొటోలో మెరుస్తుంది. ఇంకో గుర్తుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: గడ్డ చిన్నది, దారికి అడ్డం లేదు, అయినా నాలుగు గదులూ ఉబ్బి ఉంటే కోరాయిడ్ ప్లెక్సస్ గడ్డను తలచుకోవాలి.

నిజంగా వింత అనిపించే జాగలు వేరే ఉన్నాయి. పిట్యూటరీ గ్రంథి మీద, పీనియల్ దగ్గర, మెదడు కండలోనే, తల అడుగున మెడ మొదట్లో, వెన్నుపాము వెంట. ఇలాంటి రిపోర్ట్ ఎవరి చేతికొచ్చినా మూడు దారులు ఆలోచించాలి. ఒకటి, పక్కనున్న గది నుంచి పాకిందా. రెండు, వేరే చోట ఉన్న అసలు గడ్డ నుంచి నీటిలో కొట్టుకొచ్చి అక్కడ నాటుకుందా. మూడు, పిండంలో మెదడు ఏర్పడేటప్పుడు దారి తప్పిన కణాలు అక్కడే మిగిలి పెరిగాయా. మూడో దారి చెప్పడానికి సులువు, రుజువు చేయడం కష్టం. మొదటి రెండూ కావని స్కాన్లలో తేలాకే దాని మాట ఎత్తాలి. వెన్నులో ఒంటరిగా పాపిలోమా కనిపించిందంటే తల మొత్తం వెతకకుండా అది అక్కడే పుట్టిందని రాయడం తప్పు.

పిట్యూటరీ దగ్గరిదైతే అక్కడ మామూలుగా వచ్చే గడ్డలైన క్రేనియోఫారింజియోమా అనో అడినోమా అనో పొరపాటున పేరు పడుతుంది. చూపు అంచులు తగ్గడం, నెలసరి ఆగడం, విపరీతమైన దాహం అక్కడి లక్షణాలు. ఆపరేషన్‌కు ముందే కార్టిసాల్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, సోడియం చూడాలి. కార్టిసాల్ తక్కువ ఉన్న మనిషికి స్టెరాయిడ్ కవర్ లేకుండా మత్తు ఇస్తే బీపీ పడిపోతుంది. పీనియల్ దగ్గరిదైతే ‘పాపిల్లరీ ట్యూమర్ ఆఫ్ పీనియల్ రీజియన్’ అనే వేరే జబ్బు అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మెదడు కండలో ఉంటే అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది వేరే అవయవం నుంచి వచ్చిన క్యాన్సర్‌ను.

వేరే చోటి క్యాన్సర్ కాదని తేల్చుకోవడం మీ అక్క విషయంలోనూ ముఖ్యం, అందుకే కొంచెం విడమరిచి చెప్తాను. మైక్రోస్కోప్ కింద పాపిలోమా చూడటానికి అందంగా ఉంటుంది: వేళ్లలాంటి కొమ్మలు, ప్రతి కొమ్మ మధ్యలో సన్నని రక్తనాళం, దాని చుట్టూ ఒకే వరసలో నిలబడ్డ కణాలు. మామూలు కోరాయిడ్ ప్లెక్సస్‌లో కణాల పైభాగం రాళ్లు పరిచిన బాటలా ఎగుడుదిగుడుగా ఉంటుంది; పాపిలోమాలో కణాలు ఇరుకిరుకుగా, పొడుగ్గా, పైన చదునుగా ఉంటాయి. చిక్కేమిటంటే థైరాయిడ్, ఊపిరితిత్తి, అండాశయం, రొమ్ము నుంచి వచ్చే కొన్ని క్యాన్సర్లూ ఇలాగే వేళ్లు వేళ్లుగా పెరుగుతాయి. చెవి వెనక ఎముకలో పుట్టే ఎండోలింఫాటిక్ సాక్ ట్యూమర్ కూడా అంతే. అది ఎముకను కొరికేస్తుంది కాబట్టి సిటీలో బయటపడుతుంది. నీటి గదుల లోపలి పొర కణాల గడ్డ, పాపిల్లరీ ఎపెండిమోమా, ఇంకో పోలిక.

వీటిని విడదీసేది ఐహెచ్‌సి, అంటే ప్రత్యేక రంగుల పరీక్ష. మీ రిపోర్ట్‌లో ఈ కింది మాటలున్నాయో లేదో చూడండి. సైటోకెరాటిన్ పాజిటివ్, ఎస్100 పాజిటివ్, ట్రాన్స్‌థైరెటిన్ పాజిటివ్ అయితే కోరాయిడ్ ప్లెక్సస్ వైపు మొగ్గు. కెఐఆర్ 7.1 పాజిటివ్ అయితే మొగ్గు ఇంకా గట్టిపడుతుంది. అది చాలా ల్యాబుల్లో దొరకదు, అడిగి పంపించాలి. ఇఎంఎ ఎక్కువగా నెగటివ్ ఉంటుంది, జిఎఫ్‌ఎపి అక్కడక్కడ మాత్రమే పట్టుకుంటుంది. థైరాయిడ్, ఊపిరితిత్తి క్యాన్సర్ల కోసం టిటిఎఫ్1 చేసి నెగటివ్ అని చూపాలి. ఒక్క ట్రాన్స్‌థైరెటిన్‌నే నమ్ముకోవద్దు. కొన్ని వేరే క్యాన్సర్లలోనూ అది వస్తుంది, కొన్ని అసలు పాపిలోమాల్లో రాదు కూడా. రంగుల పరీక్ష ఏదీ చేయకుండా, ఆకారం చూసి మాత్రమే పేరు రాశారా? అయితే రెండో అభిప్రాయం తప్పనిసరి.

రెండో అభిప్రాయానికి ఎంఆర్ఐ రిపోర్ట్, ఆపరేషన్ నోట్స్ జిరాక్సులతో పాటు పారఫిన్ బ్లాకులు (గడ్డ ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మెలు) కావాలి. ఆపరేషన్ జరిగిన దవాఖాన పాథాలజీ విభాగంలో దరఖాస్తు ఇస్తే బ్లాకులు ఇస్తారు. బ్లాక్ నంబర్ రాయించుకుని సంతకం పెట్టి తీసుకోండి. బ్లాక్ ఇవ్వలేమంటే కోటింగ్ ఉన్న గాజు స్లైడ్ల మీద రంగు వేయని 10 నుంచి 12 ముక్కలు కోయించండి. మామూలు గాజు మీద కోస్తే రంగుల పరీక్షలో ముక్క ఊడిపోతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరో సర్జరీ, పాథాలజీ రెండూ ఉన్నాయి. ఇంకా పైకి అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరోపాథాలజీకే ప్రత్యేక విభాగం ఉంది. బ్లాకులకు ఐస్ అక్కర్లేదు. కానీ ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో మన వైపు ఎండకు మూసిన కారు డ్యాష్‌బోర్డ్ మీద పెడితే కరిగి ముక్క పాడవుతుంది, అది మళ్లీ దొరికేది కాదు. చేతిసంచిలో, ఒంటి దగ్గర పెట్టుకుని కాజీపేటలో రైలెక్కండి.

ఆ రిపోర్ట్ వచ్చేలోపు ఒంట్లో ఇంకెక్కడా క్యాన్సర్ లేదని చూసుకోవడం మంచిది. మెడ అల్ట్రాసౌండ్, ఛాతీ, పొట్ట, కటి భాగాల కాంట్రాస్ట్ సిటీ, రొమ్ము పరీక్ష చాలు. పెట్ సిటీ అందరికీ అవసరం లేదు.

గ్రేడ్ ఎట్ల నిర్ణయిస్తారో కూడా తెలుసుకోండి, ఎందుకంటే చికిత్స దాని మీదే మారుతుంది. మైక్రోస్కోప్‌లో ఎక్కువ పవర్ మీద పది ఫీల్డుల్లో విభజన చెందుతున్న కణాలు లెక్కపెడతారు. రెండుకంటే తక్కువైతే గ్రేడ్ 1. రెండు అంతకంటే ఎక్కువైతే ఎటిపికల్, గ్రేడ్ 2. ఈ మధ్య తరగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చేర్చింది. విభజన చెందుతున్న కణాలు ఐదు దాటడం, కణాలు కిక్కిరియడం, వేళ్ల ఆకారం చెదిరిపోవడం, కణకేంద్రాల్లో తేడాలు, చచ్చిన కండ, ఈ ఐదింటిలో నాలుగైనా ఉంటే కార్సినోమా, గ్రేడ్ 3. మీ అక్క రిపోర్ట్‌లో మైటోసిస్ లెక్క (అంటే ఈ విభజనల లెక్క), కి-67 శాతం (పెరుగుదల దశలో ఉన్న కణాల వాటా) రాసి ఉన్నాయా చూడండి. లేకపోతే ఫోన్ చేసి రాయించండి.

గడ్డ మొత్తం పోయిందా అన్న దానికి సర్జన్ ‘పూర్తిగా తీశాం’ అన్న మాట ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ తర్వాత 48 నుంచి 72 గంటల లోపు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ తీసి ఉంటే అది అసలైన సాక్ష్యం. ఆ తర్వాత గాయం మానే కండ కూడా తెల్లగా వెలుగుతుంది, మిగిలిన గడ్డేదో మానుతున్న కండేదో విడదీయడం కష్టం. ఆ స్కాన్ తీయలేదా? అయితే కంగారుపడి మూడో వారంలో తీయించకండి, 3 నెలలకు తీయించండి. లుష్కా రంధ్రం లోపలి అంచు, నాలుగో గది పక్క మూల ప్రత్యేకంగా చూడమని రాసివ్వమని అడగండి. సర్జన్ బయటి నుంచి వెళ్లినప్పుడు గడ్డ తొడిమ మిగిలిపోయే అవకాశం ఉన్నది అక్కడే.

వెన్నుపాము మొత్తం ఎంఆర్ఐ ఒక్కసారైనా కావాలి. గ్రేడ్ 1 కూడా అరుదుగా నీటి ద్వారా కిందికి జారి నాటుకుంటుంది. ఆపరేషన్‌కు ముందే తీసి ఉంటే మేలు. లేకపోతే కనీసం రెండు వారాలు ఆగాలి, ఎందుకంటే ఆపరేషన్ రక్తం వెన్ను అడుగున చేరి గడ్డల్లా కనిపిస్తుంది. నడుము నుంచి నీరు తీసి కణాలు చూసే పరీక్షకూ అదే రెండు వారాల గడువు. తలలో నీరు నిండి ప్రెషర్ ఉన్నప్పుడు, గది దారి మూసుకుని ఉన్నప్పుడు నడుము నుంచి నీరు తీయకూడదు. మెదడు కిందికి జారి ప్రాణం మీదికి వస్తుంది.

మిగిలిన ముక్క కనిపిస్తే? చిన్నది, గ్రేడ్ 1, పెరగడం లేదు అంటే చూస్తూ ఉండొచ్చు. పెరుగుతుంటే మళ్లీ ఆపరేషన్, అది కుదరని జాగ అయితే రేడియోసర్జరీ (కోత లేకుండా గడ్డ మీదికే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్). గ్రేడ్ 2 పూర్తిగా వచ్చేస్తే ఎక్కువమంది కనిపెట్టి ఉండటాన్నే ఎంచుకుంటారు, స్కాన్లు మాత్రం దగ్గర దగ్గరగా. గ్రేడ్ 3 అయితే లెక్క వేరు, కీమో, రేడియేషన్ రెండూ చర్చకు వస్తాయి. అప్పుడు టిపి53 జన్యు పరీక్ష కూడా అడగాలి. ఆ జన్యువులో పుట్టుకతో లోపం ఉంటే లి-ఫ్రామెని అంటారు. ఒకే ఇంట్లో చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్, ఎముక, కండరాల క్యాన్సర్లు, అడ్రినల్ గడ్డలు వచ్చిన చరిత్ర ఉంటుంది. అలాంటివాళ్లకు రేడియేషన్ ఇస్తే ఆ జాగలో కొన్నేళ్లకు కొత్త క్యాన్సర్ పుట్టే ముప్పు ఎక్కువ, వీలైనంత తప్పిస్తారు.

నీటి సంగతి. ఈ గడ్డలు నీటిని మామూలుకంటే ఎన్నో రెట్లు ఊరించగలవు, దారికి అడ్డం పడగలవు, రక్తం, ప్రోటీన్ వదిలి నీరు ఇంకే జాగలను పూడ్చగలవు. గడ్డ తీసేస్తే చాలామందిలో నీరు తగ్గుతుంది, కొందరిలో తగ్గదు, నీటిని పొట్టలోకి దించే షంట్ పైపు వేయాల్సి వస్తుంది. ఇంట్లో గమనించాల్సినవి: తెల్లవారుజామున తలనొప్పి, వాంతి, పగలంతా మగత, అడుగు నేలకు అతుక్కున్నట్టు నడక, తెలియకుండా మూత్రం. మగత పెరిగిందంటే రేపటి ఓపీ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేసి సిటీ స్కాన్, న్యూరో సర్జన్ ఉన్న దవాఖానకు ఆ రాత్రే వెళ్లండి. షంట్ ఉన్నవాళ్లకు పొట్ట ఉబ్బుతుంటే నీరు పొట్టలో ఇంకడం లేదేమో చూడాలి. నీరు అతిగా ఊరే ఈ జబ్బులో అది తెలిసిన ఇబ్బందే.

ఆ మూలలో ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకో మూడు జాగ్రత్తలు. ఆపరేషన్ అయిన వైపు కన్ను పూర్తిగా మూసుకోకపోతే పగలు గంట రెండు గంటలకోసారి కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప మీద టేపు అతికించాలి. అశ్రద్ధ చేస్తే కంటి నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. మంచినీళ్లు తాగుతుంటే పొలమారుతోందంటే మింగే నరం బలహీనమైందని అర్థం. పలుచటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచి, చిక్కటి జావ చెంచాతో కొంచెం కొంచెంగా ఇవ్వండి, మింగుడు పరీక్ష చేయించండి. ముందుకు వంగితే ముక్కులోంచి తేటనీరు చుక్కలు చుక్కలుగా కారితే అది జలుబు కాకపోవచ్చు, మెదడు నీరు కావచ్చు. జ్వరం, మెడ పట్టేయడం తోడైతే మెనింజైటిస్ అనుకుని పరుగెత్తాలి. డెక్సామెథాసోన్ మాత్రలు రాసి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, చీటీలో ఉన్నట్టు తగ్గిస్తూ పోవాలి, షుగర్ చూస్తుండాలి.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. ఏడాది లోపు పిల్లల్లో ఈ జబ్బు తల చుట్టుకొలత వేగంగా పెరగడం, మాడు ఉబ్బడం, కళ్లు కిందికి వాలడంతో మొదలవుతుంది. ఆ వయసులో అసలు కష్టం రక్తం. పసిబిడ్డకు కిలోకు దాదాపు 80 మి.లీ. రక్తం ఉంటుంది, 7 కిలోల బిడ్డకు మొత్తం 560. చిన్న చాయ్ గ్లాసెడు, 60 మి.లీ. పోయినా పదో వంతు పోయినట్టే. అందుకే అనుభవమున్న సర్జన్ గడ్డను ముక్కలు చేయకముందే దాని తొడిమలోని రక్తనాళాన్ని వెతికి మూస్తారు, కొన్నిసార్లు ముందురోజే తొడ రక్తనాళం గుండా వెళ్లి దాన్ని పూడుస్తారు. పిల్లల మత్తు డాక్టర్, పిల్లల ఐసీయూ, సరిపోలిన రక్తం సిద్ధంగా ఉన్న చోటే ఇది చేయించాలి. ఊరికి దగ్గరా కాదా అన్నది తర్వాత.

ఖర్చు గురించీ అడిగారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్ర (దవాఖానలోని పథకం సహాయకుడు) దగ్గర ప్రీ-ఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి, వేయించండి. రంగుల పరీక్షలు, బయట తీయించే ఎంఆర్ఐ అందులోకి వస్తాయో లేదో అప్పుడే అడిగి తెలుసుకోండి.

పేరు ఖాయమై, 3 నెలల స్కాన్ శుభ్రంగా ఉంటే తర్వాత సాధారణంగా ఆరు నెలలకు, ఆపైన ఐదేళ్ల దాకా ఏడాదికోసారి ఎంఆర్ఐ. ఇది ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన సందర్భాలు ఉన్నాయి, బాగున్నామని మధ్యలో మానేయొద్దు. వీలైతే ప్రతిసారీ ఒకే మెషీన్ మీద, సన్నని ముక్కలతో, కాంట్రాస్ట్‌తో తీయించండి. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూపించండి. ఫిల్మ్ ఒక్కటే తీసుకుని రావొద్దు, సీడీ అడగండి. మొదటి స్కాన్ సీడీతో సహా అన్నీ ఒకే సంచిలో పెట్టి, ప్రతిసారి రేడియాలజిస్ట్ ముందు పెట్టండి. రెండు మిల్లీమీటర్ల పెరుగుదల పక్కపక్కన పెట్టి చూస్తేనే కనిపిస్తుంది.